పాచి కట్టకముందే

వెంకటగిరికోటను ఆ చుట్టుపక్కల ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. అందరి నోట్లోనూ అది వి.కోటే. కాస్త దూరం పోతే కన్నడం వినిపిస్తుంది, ఇంకో దిక్కుకు కొండ దిగితే తమిళం. చుట్టూ పల్లెల్లో తెల్లారకముందే లైట్లు వెలుగుతాయి, ఆవుల కాడ పని మొదలవుతుంది. జెర్సీవో హెచ్‌ఎఫ్‌వో సంకర ఆవులు రెండో మూడో లేని రైతు ఇల్లు కావాలంటే ఈ వైపు వెతుక్కోవాలి. టమాటా ధర పడిపోయిన నెలలో ఇల్లు గడిపేది పాల బిల్లే.

అలాంటి ఒక పల్లెలో, పాల కేంద్రం ముందు, ఒక పొద్దున విన్న మాటలివి.

"క్యాను కడిగినావాక్కా?"

"కడక్కుండా తెస్తానా నాయనా? రెండుసార్లు కడిగినా. చూడు, ఎట్లా మెరస్తా ఉందో."

కుర్రవాడు మెరుపు వైపు చూడలేదు. చెయ్యి లోపలికి పెట్టి, క్యాను మెడ కింద, భుజం వంగే చోట వేలితో ఒకసారి రుద్దాడు. వేలు సర్రున జారింది.

"పాచి పట్టిందిక్కా."

ఆమెకు కోపం వచ్చింది. రెండుసార్లు కడిగిన మనిషికి రాదా మరి? నేను మాత్రం ఆ కుర్రవాడి మాట దగ్గరే ఆగిపోయాను.

పాచి. నిద్ర లేవగానే పళ్ల మీద ఉండేది పాచి. చెరువు మెట్ల మీద కాలు జార్చేది పాచి. నీళ్ల తొట్టి గోడకు పట్టేదీ పాచే. పొద్దున్నే ఊడ్చి, కడిగి, అంట్లు తోమే పనికి పాచిపని అనే పేరు. వీటన్నిటినీ ఒక్క మాట కిందికి చేర్చినవాళ్ల దగ్గర సూక్ష్మదర్శిని లేదు. వేలి కొసే వాళ్ల పరికరం. పంటి మీది జిగటా, సెలయేటి రాయి మీది జిగటా ఒకే జాతి వ్యవహారమని సైన్సు గట్టిగా పట్టుకోవడానికి 1970ల దాకా పట్టింది. కెనడా శాస్త్రవేత్త విలియం కాస్టర్టన్ తన సహచరులతో కలిసి 1978లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. బ్యాక్టీరియా నీళ్లలో ఒంటరిగా ఈదులాడే బతుకు కన్నా, ఏదో ఒక తలానికి అతుక్కుని గుంపుగా బతికే బతుకే ప్రకృతిలో ఎక్కువని అందులో వాదించాడు. ఆ గుంపు కాపురానికి స్థిరపడిన పేరు బయోఫిల్మ్. పుస్తకాల్లో జీవపొర అని రాస్తారు. నాకైతే పాచి అన్న మాటే చాలనిపిస్తుంది.

అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే హాలెండులో ఒక బట్టల వ్యాపారి దీని అంచు తాకాడు. ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ 1683లో తన పళ్ల మధ్య తెల్లటి పాచిని గీకి, తాను చేసుకున్న భూతద్దం కింద పెట్టి, కదిలే ప్రాణులను చూశాడు. లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆ తరవాత వెనిగర్‌తో నోరు పుక్కిలించి మళ్లీ చూశాడు. పాచి పైపొరలో ఉన్నవి చచ్చాయి. లోపలివి చావలేదు. వెనిగర్ ఆ పదార్థంలోకి పూర్తిగా ఇంకలేదని ఆయనే గుర్తించాడు. ఇవాళ ఆసుపత్రుల్లో కాథెటర్ మీద, కృత్రిమ కీలు మీద పట్టిన పొరతో వైద్యులు పడే యాతన మొత్తం ఆ పుక్కిలింతలో ఉంది.

లోపలివి ఎందుకు చావవు?

బ్యాక్టీరియా ఈ పొరను ఎలా కడుతుందో చూస్తే తెలుస్తుంది. కడిగిన క్యానులో కంటికి కనిపించని పాల మాంసకృత్తుల పూత ఒకటి మిగులుతుంది. ఈదుకుంటూ వచ్చిన బ్యాక్టీరియా ముందు దాని మీద వదులుగా ఆనుతుంది. ఆ దశలో నీళ్ల ధార కొట్టినా పోతుంది. కాసేపు నిలిచిందంటే తన చుట్టూ జిగురు స్రవిస్తుంది. అందులో చక్కెర గొలుసులు, మాంసకృత్తులు, చచ్చిన తోటివాళ్ల డీఎన్‌ఏ కలిసి ఉంటాయి. చెప్పుకోవలసిన సంగతేమంటే ఆ జిగురులో బరువు పరంగా అత్యధిక భాగం నీరే. గోడ అనగానే రాతి గోడ అనుకుంటాం. ఇది గంజి గోడ. గంటలు గడిచేకొద్దీ మందమవుతుంది, మధ్యలో నీటి కాలువలు ఏర్పడతాయి, పైవాళ్లకు గాలీ తిండీ దొరుకుతాయి, అడుగువాళ్లకు దొరకవు. అడుగున ఉన్నవి పెరగడం మానేసి ముడుచుకుని పడుకుంటాయి. మన యాంటీబయాటిక్స్‌లో చాలావరకు పెరుగుతున్న కణాన్నే దెబ్బతీస్తాయి. పెన్సిలిన్ సంగతే తీసుకోండి, గోడ కట్టుకుంటున్న కణానికే అది యముడు, నిద్రపోయేదాన్ని ఏమీ చేయలేదు. ఈదే బ్యాక్టీరియాను చంపే మోతాదుకు వందల రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు పోసినా పొరలోవి బతికి బట్టకట్టడం ప్రయోగశాలల్లో మామూలే.

ఇంకో చిత్రం. ఎప్పుడు జిగురు కట్టాలో తేల్చుకోవడానికి వీటికి ఒక లెక్క ఉంది. ఒక్కో కణమూ చిన్న రసాయన అణువును బయటికి వదులుతుంది. గుంపు పెరిగేకొద్దీ ఆ అణువు చిక్కబడుతుంది. ఒక మట్టం దాటగానే అన్నీ ఒకేసారి పని మార్చుకుంటాయి. ఇంగ్లిషులో దీనికి కోరం సెన్సింగ్ అని పేరు. గ్రామసభకు పోయినవాళ్లకు కోరం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. తగినంత మంది కూడేదాకా తీర్మానం జరగదు, కూడారా, ఆపడం ఎవరి తరమూ కాదు.

ఈ కోరం బలం చూడాలంటే పాల క్యాను వదిలి టమాటా తోటలోకి రావాలి.

మదనపల్లె మార్కెట్ పేరు ఎరగని తెలుగువాడు ఉండడు. టమాటా ధర పేపరుకెక్కిన ప్రతిసారీ ఆ పేరూ ఎక్కుతుంది. ఆ మార్కెట్‌కు, పుంగనూరు, పలమనేరు, వి.కోట మార్కెట్లకు కాయలు పంపే రైతుకు బాగా తెలిసిన ఒక దృశ్యం ఉంది. నిన్నటిదాకా నవనవలాడిన మొక్క ఇవాళ మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. ఆకు పండదు, మచ్చ పడదు, పచ్చగానే వాడిపోతుంది. నీళ్లు తక్కువయ్యాయేమోనని డ్రిప్ తిప్పితే ఇంకా తొందరగా పోతుంది. ఇది వాడు తెగులు. రాల్‌స్టోనియా సోలనేసియారం అనే బ్యాక్టీరియా పని. అమెరికాలో ఎర్విన్ స్మిత్ దీన్ని 1896లో వర్ణించాడు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, అల్లం, అరటి, వేరుశనగ, ఇలా రెండు వందలకు పైగా మొక్కల్లో ఇది బతుకుతుంది.

వేరు గాయంలోంచి దూరి, నీళ్లు పైకి మోసే గొట్టాల్లోకి చేరుతుంది. అక్కడ కొద్దిమంది ఉన్నంతకాలం గుట్టుగా పెరుగుతుంది. మిల్లీలీటరుకు కోటి కణాల మట్టం దాటగానే కోరం కూడుతుంది. అప్పుడు కుమ్మరిస్తుంది జిగురు. ఆ చక్కెర జిగురు నీటి గొట్టాన్ని పూడ్చేస్తుంది. మొక్క చచ్చేది విషంతో కన్నా దాహంతో. కాళ్ల కింద నీళ్లున్నా గొంతు దాకా రావు. నమ్మకం కుదరకపోతే వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లకు తాకేలా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో తెల్లటి దారాలు పొగలాగా కిందికి దిగుతాయి. బ్యాక్టీరియా, దాని జిగురూ కలిసి కంటికి కనబడే అరుదైన చోటు ఇది. సూక్ష్మదర్శినీ లేదు, ల్యాబూ లేదు. వ్యవసాయ అధికారులు పొలం గట్టు మీద చేసి చూపించే పరీక్ష.

(డ్రిప్ పైపుల సంగతి కూడా ఇక్కడే చెప్పేసి ముందుకు పోదాం. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం అంటూ కుప్పం పేరు మారుమోగింది. ఆ డ్రిప్ ఇప్పుడు ఈ మండలాలన్నిటా ఉంది. చుక్క రంధ్రాలు మూసుకుపోవడానికి సున్నమొక కారణమైతే బ్యాక్టీరియా జిగురు ఇంకొకటి. దానికి ఆమ్లం, క్లోరిన్ వేసి కడగడమే మందు.)

ఈ జిగురు గోడను దాటగలవని శాస్త్రవేత్తలు ఆశపడుతున్నవి సుగంధ తైలాలు, ఇక వాటి దగ్గరికి వద్దాం. మొక్క వాసన వెనక ఉన్న నూనెలు ఇవి. ఆవిరి పట్టి తీస్తారు. నువ్వుల నూనెలా జిడ్డుగా ఉండిపోవు, కాగితం మీద చుక్క వేస్తే కాసేపటికి ఎగిరిపోతాయి. మొక్కకు కాళ్లు లేవు, పారిపోలేదు, అందుకని పురుగుకూ బూజుకూ బ్యాక్టీరియాకూ రసాయనాలతో జవాబు చెప్పుకుంటుంది. లవంగంలో యూజెనాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్, పామారోజా గడ్డిలో జెరానియాల్, నీలగిరి ఆకులో సినియోల్. వాములో, మన సీమవైపు మాటలో చెప్పాలంటే ఓమలో, థైమాల్. పెరట్లో ముట్టుకుంటేనే ఘాటు కొట్టే మందపాటి వాము ఆకులో థైమాల్‌తో పాటు దాని తోబుట్టువు కార్వాక్రాల్.

థైమాల్ కథ కాస్త చెప్పుకోవాలి, అందులో మనకూ వాటా ఉంది కాబట్టి. 1860లలో జోసెఫ్ లిస్టర్ గాయాలను ఫినాల్‌తో శుభ్రం చేసి శస్త్రచికిత్స చరిత్రనే మార్చాడు. థైమాల్ ఆ ఫినాల్‌కు దాయాది. అదే వలయం, పక్కన రెండు కార్బన్ తోకలు అదనం. ఒంటికి ఫినాల్ అంత కర్కశం కాదు. లిస్టర్ పేరు పెట్టుకుని 1879లో అమెరికాలో పుట్టిన లిస్టరిన్‌లో థైమాల్, నీలగిరి సినియోల్, పుదీనా మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ కలిపారు. ఈ థైమాల్ ఎక్కడిది? మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశం నుంచి వాము గింజలు ఓడల్లో జర్మనీకి పోయేవి. అక్కడ తైలం తీసి, థైమాల్ పలుకులు చేసి, ప్రపంచానికి అమ్మేవాళ్లు. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయాక మన దేశంలోనే తీయడం మొదలైంది. కర్నూలు వైపు రేగళ్లలో ఇవాళ్టికీ వాము పండుతుంది. కడుపునొప్పికి నాలుగు గింజలు నమిలేవాళ్లకు నాలుక చిమచిమలాడించేది ఆ పదార్థమే.

అది బ్యాక్టీరియాను ఏం చేస్తుంది? థైమాల్ అణువు చిన్నది, నీళ్లంటే గిట్టదు, కొవ్వంటే ఇష్టం. పాచిలోని గంజి గోడ పెద్ద అణువులను, విద్యుదావేశమున్న అణువులను పట్టి ఆపినట్టుగా దీన్ని ఆపలేదు. లోపలికి జారి, కణం చుట్టూ ఉండే కొవ్వుపొరలో ఇరుక్కుంటుంది. ఆ పొర సడలుతుంది. లోపలి పొటాషియం బయటికి కారుతుంది, కణం శక్తి తయారుచేసుకునే ప్రోటాన్ల ఒత్తిడి పడిపోతుంది. నిద్రపోయే కణానికైనా పొర ఉంటుంది కదా, అక్కడే వీటి మీద శాస్త్రవేత్తలకు ఆశ పుట్టింది. పెరుగుదలతో పని లేకుండా కొట్టగలవు. రెండో దెబ్బ ఇంకా సున్నితమైనది. సిన్నమాల్డిహైడ్, యూజెనాల్ లాంటివి చంపలేనంత తక్కువ మోతాదులో ఉన్నా కోరం లెక్కను చెడగొడతాయని అనేక ప్రయోగాల్లో కనబడింది. సభ్యులందరూ హాజరే, ఎవరి మాటా ఎవరికీ వినపడక తీర్మానం ఆగిపోయిన సభ అన్నమాట.

ఇక్కడిదాకా చదివి వాము తైలం సీసాకు బయల్దేరకండి. ప్రయోగశాల నుంచి వచ్చే ఫలితాన్ని ఎలా చదవాలో ముందు తెలియాలి. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో బ్యాక్టీరియా పోస్తారు. ఒక వరసలో మొదటి నిమిషం నుంచే తైలం కలుపుతారు. ఇంకో వరసలో ఒకరోజు పాచి కట్టనిచ్చి, అప్పుడు తైలం పోస్తారు. మర్నాడు కడిగి, ఊదారంగు వేసి, ఎంత రంగు అంటిందో కొలుస్తారు. మొదటి వరసలో పొర పుట్టలేదంటే అది కట్టకుండా ఆపడం. రెండో వరసలో కరిగిందంటే కట్టినదాన్ని కూల్చడం. రెండో పనికి దాదాపు ప్రతిసారీ మొదటిదానికన్నా చాలా ఎక్కువ తైలం కావాలి. "లవంగ తైలం బయోఫిల్మ్‌ను అరికట్టింది" అన్న వార్తల్లో ఎక్కువ భాగం మొదటి వరస గురించే. మోసం అందులో లేదు, మనం చదివే తొందరలో ఉంది. పైగా ఆ ఊదారంగు బతికినదానికీ చచ్చినదానికీ ఒకేలా అంటుకుంటుంది. ఇంకో పేచీ కూడా ఉంది: మోతాదు మరీ తగ్గితే కొన్ని బ్యాక్టీరియాలు బెదిరి మరింత జిగురు కడతాయి. అర చెంచాడు మందు అసలు లేనిదానికన్నా చెడ్డది కావచ్చు.

పళ్లెంలో గెలిచింది ఒంట్లో ఓడిపోవడం కొత్త సంగతేం కాదు. క్షయ బ్యాక్టీరియాను 1882లో కనిపెట్టిన రాబర్ట్ కాక్, ఎనిమిదేళ్ల తరవాత 1890లో బెర్లిన్ వైద్య మహాసభలో ఒక జాబితా చదివాడు. గాజు నాళికలో క్షయ క్రిమి పెరుగుదలను ఆపిన పదార్థాలవి. బంగారు సైనైడు, కొన్ని రంగులు, వాటితో పాటు అనేక సుగంధ తైలాలు. ఆ వెంటనే, జబ్బు చేసిన జంతువుల మీద వీటిలో ఏదీ పని చేయలేదని కూడా ఆయనే చెప్పాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఆరోగ్యవరం గుర్తొస్తుంది. మదనపల్లె పక్కన 1915లో తెరిచిన ఆ క్షయ శానిటోరియానికి దేశం నలుమూలల నుంచి రోగులు వచ్చేవాళ్లు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, అంతే. నీలగిరి తైలం ఆవిరి పీల్చితే రొమ్ము తేలికపడిందని ఏ రోగి అయినా చెబితే అది నిజమే. క్రిమి మాత్రం చెక్కుచెదరదు. అన్నట్టు క్షయ క్రిమి కూడా పాచి కట్టే రకమే. ద్రవంలో పెంచితే మీగడలాగా ముడతలు పడి పైన తేలుతుంది. బీసీజీ టీకా తయారుచేసిన కాల్మెట్‌కు ఈ ముద్దలే విసుగు పుట్టించాయి. వాటిని విడదీయడానికే ఎద్దు పైత్యరసం కలిపాడు. 1908 నుంచి 1921 దాకా 230 సార్లు మార్చి మార్చి పెంచితే క్రిమి కోరలు ఊడిపోయి టీకా అయింది. ఆ టీకా మీద 1950లలో పెద్ద పరిశీలన జరిగింది మళ్లీ మదనపల్లె చుట్టూ పల్లెల్లోనే.

మరి పళ్లెం దాటి తైలాలు గెలిచిన చోటు లేదా? ఉంది. ఒకటి నోరు. సుగంధ తైలాల మౌత్‌వాష్ వాడితే పంటి పాచీ, చిగుళ్ల వాపూ తగ్గుతాయని నెలల తరబడి సాగిన మానవ పరీక్షల్లో తేలింది. షరతు ఒకటే, బ్రష్‌తో పాటు వాడాలి. బ్రష్ గోడ కూలుస్తుంది, తైలం మళ్లీ కట్టబోయేవాళ్లను చెదరగొడుతుంది.

రెండోది మన టమాటా. ఫ్లోరిడా శాస్త్రవేత్తలు వాడు తెగులు బ్యాక్టీరియా కలిపిన కుండీ మట్టికి తైలాలు కలిపి, కొన్నాళ్లు ఆగి, టమాటా నారు నాటారు. 2003లో వెలువడిన ఆ ఫలితంలో థైమాల్, పామారోజా తైలం మట్టిలో బ్యాక్టీరియాను దాదాపు లేకుండా చేశాయి, మొక్కలు నిలబడ్డాయి. ఆస్ట్రేలియా వాళ్ల పేరుమోసిన టీ ట్రీ తైలం అదే మట్టిలో ఏమీ చేయలేకపోయింది. సుగంధ తైలం అన్న ఒక్క పేరు కింద అన్నిటినీ కట్టిపెట్టే ప్రకటనలు చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగ్గది. 2005లో అదే బృందం పొలంలో థైమాల్‌తో చేసిన పరీక్ష ప్రచురించింది. అక్కడా వాడిన మొక్కలు తగ్గాయి. గమనించారా, వాళ్లు తైలాన్ని వాడిపోయిన మొక్కకు పోయలేదు. కాండంలో జిగురు నిండాక పోసి లాభం లేదని వాళ్లకు తెలుసు. నారు నాటకముందు, బ్యాక్టీరియా ఇంకా మట్టిలో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కొట్టారు.

ఇది చదివిన ఉత్సాహంలో కాగితం, పెన్నూ తీసుకున్నాను. కుండీల్లో బాగా పని చేసిన మోతాదు లీటరు మట్టికి సుమారు 0.7 మిల్లీలీటర్లు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. పైన 15 సెంటీమీటర్ల మట్టి లెక్కేస్తే 6 లక్షల 7 వేల లీటర్లు. తైలం ఎంత? 425 లీటర్లు. పామారోజా గడ్డి ఎకరానికి ఏడాదికి వంద కిలోల తైలం ఇవ్వడం గగనం. అంటే ఒక్క ఎకరం టమాటాకు మందు పోయాలంటే దాదాపు నాలుగెకరాల గడ్డి పెంచాలి. మడుల వరకే పోస్తే మూడో వంతుకు తగ్గుతుంది. అప్పుడు కూడా టమాటా ధర కిలో వంద పలికిన ఏడాది తప్ప ఎవరూ సాహసించరు. ఆ ఏడాది ఏదో ముందే చెప్పగలిగితే వాడు తెగులు గురించి బెంగే అక్కర్లేదు. మన రైతుకు ఇంతకన్నా చవక దారి వేరే ఉంది, వంగ వేరు మీద అంటుకట్టిన టమాటా నారు. తెగులును తట్టుకునే వంగ రకాలను తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం చాన్నాళ్ల కిందటే గుర్తించి సిఫారసు చేసింది. తైలం పని చేయదని కాదు నేననేది. ఎకరాలకు లెక్క కుదరదు, నారుమడికి కుదరవచ్చు. నాలుగు ట్రేల మట్టికి కావలసింది చెంచాల లెక్కే.

పాలకు వద్దాం. ఆవు పొదుగువాపులో చాలాసార్లు దోషి స్టెఫిలోకాకస్ ఆరియస్. పొదుగు లోపలి సన్నటి నాళాల్లో పాచి కట్టుకుని కూర్చుంటుంది. అందుకే ట్యూబు మందు ఎక్కిస్తే తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఈనాక అదే రొమ్ములో తిరగబెడుతుంది. ఈ బ్యాక్టీరియా పాచిని థైమాల్, కార్వాక్రాల్, యూజెనాల్ పళ్లెంలో దెబ్బతీస్తాయి. అదే పళ్లెంలో పాలు పోసి చూస్తే బలం తగ్గిపోతుంది. కారణం ముందే చెప్పుకున్నాం, కొవ్వంటే వీటికి ఇష్టం. వెన్న కనబడగానే బ్యాక్టీరియాను వదిలి వెన్నలో కలిసిపోతాయి. సుగంధ తైలానికి పొదుగంత ఎదురుగాలి చోటు ఇంకోటి లేదు. పచ్చి తైలం రొమ్ముకు రాస్తే చర్మం మండి పగులుతుంది, ఆ పగులే కొత్త క్రిమికి వాకిలి. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తున్న 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం ముద్దలో పసుపు వాసన ఉన్నా, అది సుగంధ తైలం వైద్యం కాదు. పొదుగు పూర్తిగా పితికేసి, రోజుకు పలుమార్లు పూసే ఆ పూత తొలి రోజుల వాపుకు ఉద్దేశించింది. గడ్డకట్టిన పొదుగుకు పశువైద్యుడే దిక్కు. తైలాలు పనికొచ్చే చోటు పితికిన వెంటనే రొమ్ము కొసను ముంచే ద్రవం. రొమ్ము రంధ్రం తెరుచుకుని ఉండే ఆ కాసేపట్లో, క్రిమి ఇంకా గుమ్మంలో ఉండగానే. ఇప్పుడక్కడ అయోడిన్ రాజ్యమేలుతోంది, తైలాలు అభ్యర్థులుగా నిలబడి ఉన్నాయి.

క్యానులో మాత్రం తైలం వద్దు. వెన్న వాసనను పట్టేస్తుంది. ఓమ వాసన పాలు ఏ కేంద్రమూ తీసుకోదు. క్యానుకు ఉన్న పాత పద్ధతే పద్ధతి. పాలు వంచిన వెంటనే, ఎండిపోకముందే, గోరువెచ్చటి నీళ్లతో తొలి కడుగు. మొదటే సలసలకాగే నీళ్లు పోస్తే పాల మాంసకృత్తు ఉడికి లోహానికి అంటుకుంటుంది, అదే రేపటి పాచికి పునాది. తరవాత వేడి నీళ్లు, చాకలి సోడా, బ్రష్. బోర్లించి ఎండకు పెట్టడం. చల్లటి ట్యాంకుల్లో కూడా పెరిగే సూడోమోనాస్ జాతి ఆ పొరలోంచి ఎంజైములు వదులుతుంది. పాలను కాచినా ఆ ఎంజైములు చావవు. క్రిమి చచ్చినా దాని కత్తెరలు మిగిలి పాలను చేదు చేస్తాయి, విరగ్గొడతాయి.

ఇదంతా ఆ పొద్దున క్యాను తెచ్చిన ఆమెకు తెలుసు. తొలి కడుగు, సోడా, బ్రష్, ఎండ, ఏదీ తప్పలేదు. ఆ పొద్దున ఆమె కోపమంతా అదే. కుర్రవాడు పాలు కొలుచుకున్నాడు, పాలలో బ్యాక్టీరియా ఎంతుందో చెప్పే నీలం రంగు పరీక్షకు నమూనా తీసుకున్నాడు, క్యాను తిరిగి ఇవ్వబోయి ఎందుకో మూత తిప్పి చూశాడు. అంచున రబ్బరు రింగు. జేబులోంచి తాళంచెవి తీసి దాని కిందికి దూర్చి పైకి లేపాడు. రింగు వెనక గాడి పొడవునా పసుపు పచ్చటి జిగురు, దారంలాగా.

"ఇది ఎప్పుడైనా ఊడదీసినావాక్కా?"

"అది ఊడొస్తుందా?" అని ఆమె మూత చేతిలోకి తీసుకుంది.